రంగసామి మామ మిలిట్రి కాగితాలు

ముప్పై ఏళ్ళు ధర్మపురిలో మాజీ సైనికుల ఆఫీసులో గుమస్తాగా పనిచేశాను. ఆఫీసులో తమిళం, కాగితాల్లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఇది తెలుగులో రాస్తున్నది భాషాభిమానంతో అనుకోకండి. మా బంధువుల్లో తెలుగు అక్షరాలు చదవగలిగినవాళ్ళు ముగ్గురే ఉండేవాళ్ళు. ఇద్దరు పోయారు, మూడో ఆయనకు చూపు ఆనదు. కాబట్టి ఎవరి గురించైనా ధైర్యంగా రాయవచ్చు. మరి ఈ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలు దీన్ని ఎట్లా చదువుతారని అడిగితే, చదవరానిది చదవడమే ఈ ఉద్యోగం. ఇది చదువుకోలేనివాడికి ఆ కాగితాలూ రావు.

ఉద్యోగం పేరు ఏదైనా, అసలు పని ఒకటే. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చినవాళ్ళు, లేదా వాళ్ళ భార్యలు, కొడుకులు, ఒక రేకు పెట్టెలోంచి మడతలు పడి చిరిగిన పుస్తకం తీసుకొచ్చి మా బల్ల మీద పెట్టేవాళ్ళు. అందులో వాక్యాలు ఉండవు. మూడేసి, నాలుగేసి ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో చుక్కలు. ఒక మనిషి ఆరేళ్ళ జీవితం అరచేతిలో పట్టేంత చోట ఇరికించి ఉంటుంది. వాటిని విడదీసి మనిషి మాటల్లో చెప్పడం మా పని.

ప్రమోషన్ల సంగతి రాయను. నాకు వచ్చినవి రెండు, అవి కూడా నాకంటే ముందున్నవాళ్ళు రిటైరైనందుకు వచ్చాయి.

వేలు పెట్టి చదవడం

నాకు పని నేర్పింది మా హెడ్ క్లర్కు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు కాబట్టి అందరం హవల్దారయ్య అనేవాళ్ళం. మొదటి రోజే నా చేతి వేలు పట్టుకొని కాగితం మీద పెట్టాడు.

"చదివేటప్పుడు ప్రతి వరస కిందా వేలు నడిపించు. ఎదుట కూర్చున్న ముసలమ్మకు అక్షరం రాదు. నీ నోటిని ఆమె నమ్మదు. వేలును నమ్ముతుంది."

అది నిజం. నోటితో గడగడా చెప్పేస్తే, గవర్నమెంటు మనిషి ఏదో కల్పించి చెబుతున్నాడని అనుమానపడేవాళ్ళు. అదే వేలు మెల్లగా నడుస్తుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. వేలు ఆగినచోట వాళ్ళ గుండె కూడా ఆగేది. ముప్పై ఏళ్ళలో నా కుడిచేతి చూపుడు వేలికి అది ఎంత అలవాటైందంటే, ఇంట్లో పెళ్ళి పత్రికలు కూడా వేలు పెట్టే చదివేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది. ఈ వేలే తర్వాత నన్ను పట్టిచ్చింది. అది ముందు ముందు చెబుతాను.

లేని రోగం

అక్షరాల విషయంలో మొదటి పాఠం: తెలియకపోతే తెలియదని చెప్పు. నాకు మొదట దొరికిన పై అధికారి దీనికి పూర్తిగా విరుద్ధం. "అర్థం కాకపోతే దగ్గరగా ఉన్నది ఏదో ఒకటి రాసెయ్, పై వాళ్ళు మాత్రం చదువుతారా" అనేవాడు. ఆయన మాట విని నేను ఒక కుటుంబాన్ని ఆరు నెలలు ఏడిపించాను.

కడత్తూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. వాళ్ళ నాన్న బర్మాలో ఆస్పత్రిలో పడ్డాడట. ఏ రోగమో తెలుసుకోవాలి, తమకు కూడా వస్తుందేమోనని భయం. కాగితంలో రోగం పేరు ఉండవలసిన చోట ఎన్.వై.డి. అని ఉంది. మూడుసార్లు చేరాడు, మూడుసార్లూ అదే. నాకు తెలియదు. దగ్గరగా ఉన్నది చెప్పాలి కదా, "ఇది నరాలకు సంబంధించినది, వంశంలో వస్తుంది" అన్నాను. ఎన్ అంటే నరాలు అయ్యుంటుందని నా తెలివి.

ఆ ఇంట్లో అప్పటినుంచి ఎవరికి చెయ్యి తిమ్మిరెక్కినా అదేనన్నారు. ఒకాయన వంకాయ మానేశాడు. ఆరు నెలల తర్వాత హవల్దారయ్య చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఎన్.వై.డి. అంటే "రోగం ఇంకా తేలలేదు" అని అర్థం. డాక్టరుకు కూడా తెలియలేదు, తెలియలేదని నిజాయితీగా రాశాడు. ఆ నిజాయితీ నాకు లేకపోయింది. నేనే కడత్తూరు వెళ్ళి చెప్పి వచ్చాను. ఆ రోజు వాళ్ళింట్లో నాకు వంకాయ కూర వడ్డించారు.

ఇటలీలో పద్దెనిమిది రోజులు

రెండో పాఠం ఇంకా ఖరీదైనది. ఈసారి అక్షరాలు నాకు బాగా తెలుసు. అదే ముప్పు తెచ్చింది.

పెరియంపట్టి నుంచి ఒక ముసలాయన భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమెకు తన మొగుడు ఎన్ని దేశాలు తిరిగాడో వినాలని సరదా. గది నిండా జనం. నేను వేలు నడిపిస్తూ ఈజిప్టు దాటాను, ఇటలీ చేరాను. అక్కడ ఆస్పత్రి, పద్దెనిమిది రోజులు, ఎదురుగా వి.డి. అన్న రెండక్షరాలు. తెలిసిన అక్షరాలు కనబడితే కుర్రతనంలో నోరు ఆగదు. "సుఖరోగం!" అని గట్టిగా చదివాను, పరీక్షలో జవాబు చెప్పినట్టు.

ముసలాయన పైకి చూసి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగాడు. ఆమె నెమ్మదిగా అడిగింది.

"అది యేం రోగమయ్యా?"

అంతమంది ఒకేసారి నోరు మూసుకోవడమే జవాబైపోయింది. ఆమె లేచింది. "నాకి ఆడనించి ఖర్జూరం తెచ్చినావే, నేనూ తింటినే" అని మొగుడితో అని, ఇద్దరికీ కలిపి తెచ్చుకున్న ఒక్క గొడుగూ తీసుకొని, ఒంటరిగా బస్సెక్కి పోయింది. ఆ రోజు వాన పడింది.

అప్పటికి మాకు కొత్త అధికారి వచ్చారు. రిటైరైన మేజరు. మంచి మనిషి, కోపం వస్తే గొంతు ఇంకా తగ్గించేవారు. నన్ను పిలిచి, "నీకు చదవడం వచ్చు. ఎప్పుడు చదవకూడదో రాదు" అన్నారు, దాదాపు గుసగుసగా. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. కాగితం మొదట మనసులో చదవాలి. ఆస్పత్రి ఉన్నా, శిక్ష ఉన్నా, భార్యను టీకి పంపాలి. శిక్షలను సైన్యంలో ఎర్ర సిరాతో రాస్తారు. నకళ్ళలో రంగు కనబడదు కాబట్టి పక్కన ఆర్.ఐ.ఇ. అని టైపు చేస్తారు, ఎర్ర సిరా రాత అని. ఆ మూడక్షరాలు కనబడితే నా నోరు దానంతట అదే మూసుకొనేది. మా ఆఫీసు ఎదుట టీ కొట్టువాడు నన్ను చూస్తే లేచి దండం పెట్టేవాడు.

ఈ నియమాన్ని నేను ఒకే ఒక్కసారి తప్పాను. అది మా ఇంటి సంగతి.

మామ వయసు

రంగసామి మామ మా అమ్మకు తమ్ముడు. మా వాళ్ళలో అక్క కూతురి మీద మేనమామకు మొదటి హక్కు. అందువల్ల ఆయన మా అక్క నాగమ్మను చేసుకొని నాకు బావ కూడా అయ్యాడు. పెళ్ళి యుద్ధం మధ్యలో జరిగింది, అప్పుడు నాకు ఐదేళ్ళు. గుర్తున్నదల్లా మామ ఖాకీ చొక్కా, దానికి రైలు బొగ్గు వాసన.

ఇండూరులో వాళ్ళ ఇంటి గోడ మీద "నాయక్ రంగసామి, మిలిట్రి" అని తమిళంలో పెద్ద అక్షరాలు. నాయక్ అంటే చేతి మీద రెండు గీతల హోదా. ఊరంతా నాయకు అనే పిలిచేది. ఆయన చెప్పే కథ కూడా ఊరంతటికీ కంఠతా వచ్చు.

"మా అక్క ఏడ్చి ఏడ్చి కార్డు రాయించింది. కూతుర్ని నీకే ఇస్తాను, రాకపోతే బావిలో దూకుతాను అని. కల్నల్ దొర నన్ను పిలిచి భుజం తట్టినాడు. రంగసామీ, నీ పని నాకి చానా పిడిచింది, మెచ్చినాను, పో, పెండ్లి చేసుకొని రా అని లీవు ఇచ్చినాడు. అక్క మాట తీసెయ్యలేక వచ్చి తాళి కట్టినాను."

ఈ కథ చెప్పిన ప్రతిసారీ వంటింట్లో మా అక్క ఒక గిన్నె ఠపీమని కింద పెట్టేది. కథ ఎన్నిసార్లు విన్నానో గిన్నె చప్పుడూ అన్నిసార్లు విన్నాను.

ఎనభైల నడుమ, వాళ్ళ కొడుకు సెల్వం నా దగ్గరకు వచ్చాడు. నాన్నకు అరవయ్యో కల్యాణం చెయ్యాలట. మనిషి పుట్టిన సంవత్సరం పేరు అరవై ఏళ్ళకు తిరిగి వస్తుంది, ఆ ఏడాదిలోనే భార్యాభర్తలను కూర్చోబెట్టి మళ్ళీ తాళి కట్టించాలి. చిక్కేమిటంటే మామ ఏ సంవత్సరంలో పుట్టాడో తెలిసిన మనిషి మా అమ్మ ఒక్కతే, ఆమె పోయింది. జాతకం లేదు.

"చిన్న మామా, మిలిట్రి పుస్తకంలో వుంటుందే, చూసి చెప్పు" అన్నాడు.

ఆదివారం ఇండూరు పోయాను. మామ పెట్టెలోంచి పుస్తకం తీసి, నా చేతికి ఇవ్వకుండా తనే పట్టుకొని ఒక పుట తెరిచాడు. చేరినప్పటి వయసు పద్దెనిమిది అని ఉంది. ఆ పుటలో ఒక చోట ఆయన బొటనవేలు గమ్ వేసి అంటించినట్టు కదలకుండా ఉంది. నేను పట్టించుకోలేదు. లెక్కవేసి, "దుందుభిలో పుట్టావు మామా. ఆ ఏడు తిరిగొచ్చి వెళ్ళిపోయి ఏడాది దాటింది" అని చెప్పాను.

సెల్వం ముఖం వాడిపోయింది. వంటింట్లోంచి అక్క గొంతు వినబడింది. "శని వదిలింది. పోయిందాన్ని పోనీండి."

సోమవారం ఈ మాట హవల్దారయ్యతో చెబితే ఆయన టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు.

"ఇరవై ఏళ్ళు ఈ కుర్చీలో కూర్చొని వయసు కాలమ్ నమ్మినావా? యుద్ధంలో చేరినవాళ్ళందరికీ పద్దెనిమిదే. నేను చేరేటప్పుడు నాకు పదిహేను. పద్దెనిమిది అని నాకు నేర్పించింది చేర్చుకొన్న సుబేదారే. రికార్డు ఆఫీసుకు రాసి పూర్తి నకలు తెప్పించు. డాక్టరు పొడవు కొలిచి ఉంటాడు, అది చూడు."

రాశాను. మామకు కూడా చెప్పాను, సంతోషిస్తాడని. ఆయన తాంబూలం నమలడం ఆపి, "పూర్తిగానా?" అన్నాడు.

వరండాలో కాపలా

ఆ మరుసటి మంగళవారం నుంచి మామ మా ఆఫీసు వరండాలో కనబడసాగాడు. ఇండూరు నుంచి పొద్దున బస్సుకు వచ్చి, తపాలా మనిషి వచ్చేదాకా బల్ల మీద కూర్చొని, "కవరు వచ్చిందా?" అని అడిగి పోయేవాడు. వారానికి రెండుసార్లు, తర్వాత మూడుసార్లు. పాపం మామకు రెండో పెళ్ళి మీద ఎంత ఆత్రమో అనుకొని నేను ఆఫీసంతా చెప్పి నవ్వించాను. మేజరుగారు కూడా తలుపు దగ్గర ఆగి, "పెళ్ళికొడుకు గారికి కుర్చీ వెయ్యండి" అన్నారు.

రెండు నెలలు గడిచాక ఒక రోజు ఆయన బజ్జీ తినడానికి ఎదుటి కొట్టుకు వెళ్ళిన పది నిమిషాల్లో కవరు వచ్చింది.

మొదట వైద్య పరీక్ష కాగితం చూశాను. చేరినప్పుడు పొడవు ఐదడుగుల రెండంగుళాలు. మూడేళ్ళ తర్వాత ఐదడుగుల ఆరు. మొదటి కొలత పక్కన డాక్టరు మాట: "చూడ్డానికి పదహారు." పద్దెనిమిది నిండినవాడు సైన్యం తిండికి అడ్డంగా పెరగవచ్చు గానీ నాలుగంగుళాలు నిలువుగా పెరగడు. మామ పుట్టింది దుందుభిలో కాదు, దానికి రెండేళ్ళ తర్వాతి రక్తాక్షిలో. అరవయ్యో ఏడు ఇంకా దాటిపోలేదు, ఇదే. కల్యాణానికి చేతిలో నాలుగు నెలలు ఉన్నాయి.

ఆ సంతోషంలో పుట తిప్పితే ఆర్.ఐ.ఇ. కనబడింది.

దాని కింద ఎ.డబ్ల్యు.ఎల్., ఇరవైమూడు. సెలవు లేకుండా ఇరవైమూడు రోజులు మాయం. తనంతట తానే తిరిగి వచ్చి లొంగిపోయాడు. ఇరవై ఎనిమిది రోజుల ఖైదు. నాయక్ నుంచి మామూలు సిపాయికి దింపివేత. మామ బొటనవేలు ఆ పుస్తకంలో ఏమి కప్పిందో అప్పుడు అర్థమైంది. ఇంకా కింద మూడు వరసలు, సెలవు దరఖాస్తు గురించి అధికారి రాసుకున్నది. అన్నీ పొట్టి అక్షరాలే. చాలావరకు విడిపోయాయి గానీ మధ్యలో ఆరక్షరాలు అంతుపట్టలేదు. ఎస్.ఐ.ఎస్., దాని పక్కన డి.ఎ.యు. మా దగ్గరున్న పొట్టి అక్షరాల పట్టీ అంతా వెతికాను. ఓడ పేరేమో, ఊరి పేరేమో అనుకున్నాను. చివరికి మేజరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను.

ఆయన రెండుసార్లు చదివి, కాగితం ముఖానికి అడ్డం పెట్టుకొని నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి నా వంక చూశారు.

"ఇది పట్టీలో దొరకదయ్యా. సైన్యానికి దీనితో పనిపడలేదు. అక్క కూతురు. ఇది మీ అక్క."

నలభై ఏళ్ళుగా ఏదో ఊళ్ళో ఏదో అలమరలో మా అక్క ఆరక్షరాలుగా పడి ఉందన్నమాట. సరిగ్గా అప్పుడే మామ బజ్జీ తిన్న చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వచ్చి, నా చేతిలో కవరు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

వరండాలోకి తీసుకుపోయాను. మామ కవరు మీద చెయ్యి పెట్టాడు.

"కిట్టా, అది మీ అక్కకి చదవొద్దురా."

"రెండు గీతలు పోయినందుకా?"

"గీతలు పోతే పోనీ. పోయిన మా అక్క పేరు చెడకూడదు. అంతే."

నా నియమం ప్రకారం కూడా చదవకూడదు. వయసు మాత్రం చెబుతానని మాట ఇచ్చాను.

ఇండూరులో వేరుశనగ కాయలు

ఆదివారం పోయేసరికి అక్క, మామ వాకిట్లో కూర్చొని వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు. సెల్వం నా కోసం కాచుకొని ఉన్నాడు. మామ పుట్టింది రక్తాక్షిలోనేనని, ముహూర్తానికి ఇంకా నాలుగు నెలలు గడువు ఉందని చెప్పాను. సెల్వం ఎగిరి గంతేశాడు. అక్క ఒలవడం ఆపలేదు.

"నేను కూర్చోను" అంది.

"ఏంటికమ్మా?"

"ఒకసారి కూర్చొన్నాను గదా. మా అమ్మ ఏడ్చింది అని వచ్చి కట్టినాడు. నలభై ఏండ్లు ఊరంతా చెప్పుకొన్నాడు, అక్క మాట తీసెయ్యలేక కట్టినాను అని. ఇప్పుడు కొడుకు ఏడుస్తాడు అని కడతాడా? నాకి వొద్దు. ఎవరో ఏడిస్తే కట్టించుకొనేదానికి నేనేమి మొక్కుబడినా?"

ఇన్నాళ్ళూ ఆ గిన్నెల చప్పుడు కోపం అనుకున్నాను. అది కోపం కాదు. పదిహేనేళ్ళ వయసులో మనసుకు తగిలిన దెబ్బ అట్లాగే పచ్చిగా ఉంది. మామ తల వంచుకొని ఒకే కాయను ఒలిచిందే ఒలుస్తున్నాడు. నిజం నా చేతి సంచిలో ఉంది. నాకు అంత ఇబ్బంది ఎప్పుడూ కలగలేదు.

అక్క నా సంచి వంక చూసింది.

"వయసు చెప్పేదానికి ఇంత లావు కాగితమా? తియ్యి. ఏం రాసినారో చదువు."

తీశాను. తీయక తప్పదు. వేలు పెట్టి మొదలుపెట్టాను, అలవాటు కదా. చేరిన ఊరు, పొడవు, రొమ్ము కొలత, తుపాకీ పరీక్షలో మార్కులు. ఆర్.ఐ.ఇ. దగ్గరకు రాగానే దాటేసి, కింద ఉన్న టీకాల వరస చదవడం మొదలుపెట్టాను.

"నిలు" అంది అక్క. "ఆడ ఏమో దాటినావు."

"అక్షరాలు మాసిపోయినాయక్కా."

"నాకి చదువు రాదు, కన్ను వుంది. ఇంతసేపూ నీ వేలు చీమ మాదిరి పోయింది. ఆడ మాత్రం కప్ప మాదిరి ఎగిరింది. ఏంటికి ఎగిరింది?"

హవల్దారయ్య నేర్పిన విద్య అది. వేలును నమ్ముతారని చెప్పాడు గానీ, దాటేటప్పుడు వేలు తీసెయ్యాలని చెప్పలేదు. మామ వంక చూశాను. ఆయన పశువుల కొట్టం వంక చూస్తున్నాడు. మాట ఇచ్చాను, నియమం ఉంది, పెరియంపట్టి ముసలాయన వానలో తడిసిన సంగతి గుర్తుంది. అయినా ఆ పూట నోరు మూసుకుంటే అక్కకు నేను చేసే అన్యాయం అదేనని గట్టిగా అనిపించింది. వేలు వెనక్కి తెచ్చి పెట్టి చదివాను.

"సెలవు కావాలన్నాడు. కారణం, తన అక్క తన కూతురికి వేరే సంబంధం కుదిర్చింది. ఆ పెళ్ళి ఆపి ఆ పిల్లను తానే చేసుకోవాలంటాడు. అక్క కూతుర్ని చేసుకోవడం ఏ మతంలోనూ ఉండదు. ఇది కట్టుకథ. సెలవు లేదు. ఇచ్చినా ఇవ్వకపోయినా పోతానన్నాడు. పోయాడు."

తర్వాత ఖైదు, సిపాయిగా దింపడం కూడా చదివేశాను.

కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది. సెల్వం నోరు తెరిచి వాళ్ళ నాన్నను చూస్తున్నాడు.

"వేరే సంబంధం కుదిర్చింది ఎవరు?" అంది అక్క.

"అమ్మ."

"అమ్మ పిలవలేదా?"

మామ అప్పుడు నోరు విప్పాడు. "మా అక్కను ఏమీ అనకు. తల్లి లేని నన్ను చంకన వేసుకొని పెంచింది. ఆ కుదిర్చిన కడత్తూరోళ్ళకి గానుగ వుండె, మిద్దె వుండె. నాకేమి వుండె, ఒక తుపాకీ, అదీ నాది కాదు. కూతురు బాగుండాలని చేసింది. ఇట్ల పెండ్లి కుదిరింది, నీ ఆశీర్వాదం కావాలని కార్డు రాయించింది."

"మరి ఏడ్చి పిలిచింది అని నలభై ఏండ్లు చెప్పినావే?"

"ఏడ్చింది. నేను వచ్చినాక ఏడ్చింది." చేతిలో పొట్టు రాల్చి అన్నాడు, "తమ్ముడి హక్కు తీసి ఇంకొకరికి ఇచ్చింది అని ఊరు మా అక్కను అనకూడదు గదా. అందుకని ఆమే పిలిచింది అన్నాను. చెప్పి చెప్పి నాకే నిజం మాదిరి అయిపోయింది."

ఇంకొక సంగతి కూడా చెప్పాడు. మిగతావాళ్ళు సెలవు కోసం తల్లినో అవ్వనో చంపేవాళ్ళట, కాగితం మీద. అట్లాగే అక్క పోయిందని రాయమని, పటాలంలో కాగితాలు రాసే రైటరు సలహా ఇచ్చాడు. ఆ మాట రాయడానికి మామకు చేతులు రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాయించాడు. దొర నమ్మలేదు.

అక్క కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, చేతులకు మట్టి ఉంది. తర్వాత నా వైపు తిరిగింది.

"జెయిలు ఎన్ని దినాలు?"

"ఇరవై ఎనిమిది."

"దొర నమ్మనే లేదా?"

"కట్టుకథ అని రాశాడక్కా."

చీర కొంగుతో ముఖం తుడుచుకొని, ఒక కాయ తీసి చిట్లించింది. "ఆ వయసులో నన్ను చూసింటే నమ్మిండేవాడు" అంది.

మామ పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే ఏడ్చాడు కూడా. నేను కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

కొత్తగా చేరేవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎర్ర సిరా రాతను భార్య ముందు చదవకూడదన్న నియమం మంచిదే, ఇప్పటికీ పాటించండి. కానీ దాన్ని పాటించేముందు ఆ సిరా వెనక ఏమి జరిగిందో కూడా చదవండి. ముప్పై ఏళ్ళలో నేను ఎన్ని ఎర్ర రాతలను టీ కొట్టు సాయంతో దాచానో. వాటిలో ఇట్లాంటివి ఇంకెన్ని ఉండెనో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పత్రిక

కల్యాణానికి నెల ముందు అక్క మా ఆఫీసుకు వచ్చింది. ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. వెనక మామ, సెల్వం. సెల్వం చేతిలో ప్రెస్సు నుంచి తెచ్చిన పత్రిక ప్రూఫు ఉంది, తమిళంలో. అక్క నా ఎదుట కుర్చీలో కూర్చొని, "వేలు పెట్టి చదువు, దాటకుండా" అంది. హవల్దారయ్య పక్క బల్ల దగ్గర చెవులు రిక్కించాడు.

చదివాను. దేవుళ్ళ పేర్లు, తేదీ, లగ్నం. "నాయక్ రంగసామి" దగ్గరకు రాగానే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ నాయక్ అనేది కొట్టెయ్. సిపాయి అని వెయ్యి."

"గోడ మీద వుందే! ఊరంతా అట్లే పిలుస్తుందే!" అన్నాడు మామ. "నా మర్యాద ఏమి కావాలి?"

"గోడ మీద కూడా మార్పిస్తాను. నాయక్ అని వేస్తే నేను పీట మీద కూర్చోను."

"పోయిన గీతలు ఊరికి చూపించల్లా?"

"చూపించల్లా. అవి నాకోసరం పోయినాయి, మామా. పోయినట్లే వుండనీ."

మామ పత్రికను నా వైపు జరిపాడు. నేను కలం కోసం బల్ల మీద వెతికాను. చేతికి దొరికింది ఎర్ర సిరాదే. దానితోనే కొట్టేసి, పక్కన సిపాయి అని రాశాను.